గాలిగిలకల యూనియన్

పొరుగువాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం కంటే గొప్ప సత్కారం ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. నేను తాగి మాట్లాడటం లేదు, ఇంకా పొద్దున్నే. వాణ్ణి లోపలికి రానిచ్చామనుకోండి, ఏం జరుగుతుంది? కూర్చుంటాడు. అదీ మన కుర్చీలోనే. మన రొట్టె తిని ఉప్పు తక్కువైందంటాడు. అదే బయట నిలబెట్టి చూడండి. టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. బూట్లు తుడుచుకుంటాడు. మన కుక్కని కూడా "తమరు" అంటాడు! మనిషిలో ఇంత మర్యాద పుట్టించే వస్తువు గుమ్మం కాక ఇంకేదైనా ఉందా?

ఈ సంగతి బాగా ఎరిగినది మా యూరోపియన్ యూనియన్. ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఒక ఇల్లు కట్టుకున్నాయి. ఎవరి గదిలో వాళ్ళే రాజులు, అయినా చట్టాలు మాత్రం కలిసి రాసుకుంటారు. అందరూ ఆ ఇంటి గోడల్ని మెచ్చుకుంటారు. కిటికీల్ని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది గుమ్మాన్ని. కొత్తవాడు లోపలికి రావాలంటే లోపలున్న ప్రతివాడూ "సరే" అనాలి. ఒక్కడు "కాదు" అన్నాడా, వచ్చినవాడు వచ్చినచోటే ఆగిపోవాలి. ఆ ఒక్కడు ఎంత చిన్నవాడైనా పరవాలేదు!

మా స్లొవేనియా ఎంత దేశం? పక్కన పెద్ద దేశంవాడు గట్టిగా తుమ్మితే మా పటం ఎగిరిపోతుంది. అలాంటి మేం ఒకప్పుడు క్రొయేషియా అంతటి దేశాన్ని, సముద్రంలో ఓ మూల ఎవరిదనే తగాదా మీద, గుమ్మంలో నిలబెట్టేశాం! ఆ రోజుల్లో నేను ఆనందంతో పొడుగు పెరిగాను. నమ్మకపోతే నా కోటు చూడండి, చేతులు ఇప్పటికీ మోచేతుల దగ్గరే ఆగిపోతాయి.

దక్షిణాన ఇంకో దేశం ఉంది. ఒకాయన "నీ పేరు నాకు నచ్చలేదు" అంటే పాపం పేరే మార్చుకుని వచ్చింది. వచ్చేసరికి ఇంకొకాయన "పేరు బాగానే ఉంది, నీ చరిత్ర నచ్చలేదు" అన్నాడు. ఇంకా నిలబడే ఉంది. ఎంత ఒద్దికగా నిలబడిందో చూస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ఇంత గొప్ప విద్యని బ్రస్సెల్స్‌వాళ్ళే దాచుకుంటే ఎలా? అందుకే మేం దాన్ని మా కొండమీదికి తెచ్చుకున్నాం.

మాది స్లొవేనియా అంచున, హాలోజె అనే కొండసీమలో చిట్టచివరి కొండ. దాని వెన్ను పొడుగునా సరిహద్దు రాళ్ళు. రాళ్ళకి ఇటు మా ద్రాక్షతోటలు, అటు ఇంబ్రో వాళ్ళ తోటలు, అంటే క్రొయేషియా. నా చిన్నతనంలో ఆ రాళ్ళకి మేకలు వీపు గోక్కునేవి. తరవాత దేశాలు వేరుపడ్డాయి, రాళ్ళకి గౌరవం వచ్చింది. ఆ తరవాత మేం యూనియన్‌లో చేరాం, రాళ్ళకి పొగరు కూడా వచ్చింది. చివరికి ఇంబ్రో వాళ్ళూ చేరారు, రాళ్ళు మళ్ళీ మేకలకి దక్కాయి. ఇప్పుడు కింద రోడ్డు మీద ఒక పోలీసాయన సరిహద్దు తనిఖీకని జీపులో "తాత్కాలికంగా" కూర్చుంటున్నాడు. తాత్కాలికంగానే పెళ్ళి చేసుకున్నాడు, తాత్కాలికంగానే బొజ్జ పెంచాడు.

ద్రాక్ష రంగు తిరిగే వేళకి గోరింకలు దిగుతాయి. ఒకటీ రెండూ కాదు, ఆకాశంలో ఎవరో నల్లకంబళి దులిపినట్టు దిగుతాయి. వాటిని తోలడానికి మా కొండల్లో ఉన్న సాధనం ఒక్కటే, గాలిగిలక. క్లోపోతెత్స్ అంటాం మేం. తాటిచెట్టంత గుంజ, దాని మీద చెక్కరెక్కల చక్రం. గాలికి చక్రం తిరుగుతుంటే సుత్తులు లేచి పలక మీద టకటకా, టకటకా కొడతాయి. మా తాత కట్టిన గిలక మోతకి అప్పట్లో మమ్మల్ని ఏలే వియన్నా చక్రవర్తిగారికి కునుకు పట్టక, "ఆ ముసలాడికి ఏం కావాలో ఇచ్చి ఆపించండి" అని దూతని పంపాడట. మా తాత, "నాకేం వద్దు, గాలిని ఆపమనండి, నేనూ ఆపుతాను" అన్నాడట. ఆ వంశంవాణ్ణి నేను!

గిలక లేని తోటని మా వైపు తోటగా లెక్కపెట్టరు. ద్రాక్ష పోయినా తట్టుకుంటాం గానీ గిలక లేకుండా తలెత్తుకోలేం.

ఒకటే చిక్కు. గోరింకలకి దేశభక్తి లేదు. మా గిలక మోగితే అటు వాలతాయి, అటు గిలక మోగితే ఇటు వాలతాయి. కొన్నేళ్ళపాటు ఇంబ్రో, నేనూ వాటిని ఒకరిమీదికొకరం ఎగుమతి చేసుకున్నాం. ఒక గోరింక ఈ రాకపోకలకి విసిగిపోయి నా టోపీలోనే గుడ్లు పెట్టింది. అవి పిల్లలయ్యేదాకా నేను చర్చిలో కూడా టోపీ తియ్యలేదు. ఫాదర్‌గారు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

అప్పుడు ఒకరోజు ఇంబ్రో సరిహద్దు రాయి మీద చతికిలబడి అన్నాడు:

"ఒరేయ్ యోజా, ప్రభుత్వాలే కలిసిపోయాయి, మనకేం రోగంరా? రెండు గిలకలూ ఒకే పొద్దున లేపుదాం. రెండూ ఒక్కసారే మోగాయనుకో, ఆ దరిద్రపు పిట్టలు ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికో పోతాయి. మనకెందుకు?" అన్నాను.

"అదీ మాట!" అన్నాడు.

రెండు దేశాల మధ్య అంత చప్పున మాట కలవడం అదే మొదలు. అదే ఆఖరు కూడా.

అలా పుట్టింది మా ఉమ్మడి గాలిగిలకల యూనియన్. పెద్ద యూనియన్‌లో ఉన్నవన్నీ ఇందులో ఉండాలని పట్టుబట్టి పెట్టించాను. అధ్యక్ష పదవి ఆర్నెల్లకొకరిది. జులై నుంచి డిసెంబరు దాకా నాది, జనవరి నుంచి జూన్ దాకా ఇంబ్రోది. గిలకలు లేచేది వేసవిలో, దిగేది నవంబరులో కాబట్టి ఇంబ్రో పదవిలోకి వచ్చేసరికి కొండమీద మంచు తప్ప ఏమీ ఉండదు. ఆయన దానిమీద అధ్యక్షత వహిస్తాడు.

"ఇదేం పంపకంరా? మార్చు!" అంటాడు.

"మార్చాలంటే ఇద్దరం ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోను" అంటాను. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట అంటుంటే!

సమావేశాలు ఒక నెల వైన్ పీపాలుండే మా కొట్టులో, ఒక నెల ఇంబ్రో కొట్టులో. బల్ల మాత్రం ఒక్కటే. సమావేశం మారినప్పుడల్లా దాన్ని కొండ దాటించి మోసుకెళ్ళాలి. వేరే బల్ల కొనుక్కోవచ్చు కదా అంటారా? అప్పుడు ఏది అసలు బల్ల అని తగువు రాదూ?

ఇక అనువాదకుడు. మా మాటా ఇంబ్రో మాటా ఒకటే. చిన్నప్పటి నుంచీ ఒకే బూతులు తిట్టుకున్నవాళ్ళం. అయినా యూనియన్ అన్నాక అనువాదం లేకపోతే ఎవరు గౌరవిస్తారు? రిటైరైన పోస్టుమన్ సేవెరిన్‌ని పెట్టాం. ఆయనకి ఒక చెవి వినపడదు. నేనన్న మాటనే మళ్ళీ గట్టిగా అరిచి ఇంబ్రోకి చెబుతాడు. ఇంబ్రో అన్నది ఇంకా గట్టిగా అరిచి నాకు చెబుతాడు. ఇంతకంటే నమ్మకమైన అనువాదం బ్రస్సెల్స్‌లో దొరుకుతుందా?

చట్టం కూడా రాసుకున్నాం. అందులో ముఖ్యమైన ముక్క ఇది: ఈ కొండమీద గాలికి మోగే వస్తువు దేన్నీ యూనియన్‌లో చేరనివాళ్ళు లేపకూడదు. చేరాలంటే మేమిద్దరం "సరే" అనాలి.

సరే, గోరింకలు "ఎక్కడికో" పోతాయన్నాను కదా. ఆ ఎక్కడో, నేజిక తోట.

నేజిక మా వైపు మనిషే. ఇల్లు ఇటుంది. తోట మాత్రం కొండ వెన్ను కుంగినచోట, నా మిట్టకీ ఇంబ్రో మిట్టకీ నడుమ పల్లంలో ఉంది. సరిహద్దు రాయి సరిగ్గా తీగల వరసల మధ్యలో పడింది. ఆమె ఒకే గుత్తిని ఒక దేశంలో నిలబడి తుంచి, ఇంకో దేశంలో బుట్టలో వేస్తుంది. మొగుడు ఫెర్డో చనిపోయిన ఏడాదే గాలివానకి వాళ్ళ గిలకా విరిగి పడింది. మా గిలకలు రెండూ ఒకేసారి మోగడం మొదలయ్యాక రెండు దేశాల గోరింకలూ ఆ పల్లంలోకి దిగాయి. ఆ ఏడాది నేజిక కోతకి ఖాళీ బుట్టలు పట్టుకెళ్ళి, ఖాళీ బుట్టలే పట్టుకొచ్చింది.

తరవాతి సమావేశానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. "రామ్మా" అనబోయాడు ఇంబ్రో. నేను కళ్ళతో ఆపాను. సభ్యురాలు కాదు కదా!

"బాబాయ్, నేనూ ఒక గిలక లేపుకుంటాను" అంది. "ఇంకో రెండు కోతలు చూస్తాను. అప్పటికీ పీపాలోకి చుక్క రాకపోతే తీగలు పీకించేస్తాను. ఫెర్డో చేత్తో నాటినవి. పిట్టలకి పెట్టడానికి నాటలేదు."

సేవెరిన్ ఇంబ్రో వైపు తిరిగి, "పిట్టలకి పెట్టడానికి నాటలేదంట!" అని అరిచాడు.

"వినపడింది లేవయ్యా, చెవిలో కాకుండా కాస్త పక్కకి తిరిగి అరవరాదూ" అన్నాడు ఇంబ్రో.

నేను గొంతు సవరించుకుని చెప్పాను: "అమ్మా నేజికా, నీ అభ్యర్థన మాకెంతో సంతోషం. నువ్వు మా కుటుంబంలో మనిషివే. అందుకే నువ్వు బయటే ఉండి తయారవ్వాలి."

"ఏం తయారవ్వాలి? గుంజ పాతితే సరిపోదూ?"

చూశారా? సిద్ధాంతం తెలియని మనిషి! అధ్యాయాలుంటాయని చెప్పాం. ఒక్కొక్క అధ్యాయమూ తెరవాలి, చర్చించాలి, మూయాలి. తెరవడానికి ఇద్దరం ఒప్పుకోవాలి, మూయడానికి ఇద్దరం ఒప్పుకోవాలి. మధ్యలో తలనొప్పి ఆమెకి ఒక్కదానికే, ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు.

రెక్కల అధ్యాయం ముందు తెరిచాం. మా వైపు గిలకకి నాలుగు రెక్కలు, ఇంబ్రో వైపు ఆరు. నేజిక తోట రెండు వైపులా ఉంది కాబట్టి రెండు ఆచారాల్నీ పాటించాలి. నాలుగూ ఆరూ ఒకే చక్రానికి ఎలా కుదురుతాయి? అక్కడే మా రాజనీతి చూడండి. ఐదు! పాపం ఆమె ఐదు రెక్కలూ చెక్కించుకొచ్చింది. నేలమీదే చేత్తో తిప్పి చూశాం. తిరిగిందండీ, కానీ కుంటిగుర్రం పరిగెత్తినట్టు తిరిగింది. ఒక రెక్క దగ్గరికి రాగానే ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ బయల్దేరేది.

తరవాత మోత అధ్యాయం. గిలక పనిచేస్తోందని రుజువు కావాలంటే నా మిట్టకీ ఇంబ్రో మిట్టకీ వినపడాలి. కానీ మా గిలకల మోతకి అడ్డం రాకూడదు కాబట్టి వినపడకూడదు.

"వినపడాలా, వినపడకూడదా? ఏదో ఒకటి చెప్పండి బాబాయ్" అంది.

"వినపడాలి. కానీ విన్నట్టు మాకు అనిపించకూడదు" అన్నాను.

"ఎలా చెయ్యను దాన్ని?"

"అదేనమ్మా, సంస్కరణ అంటే!"

గిలక లేపే రోజు అధ్యాయం ఇంకా బాగా నడిచింది. మేం జులైలో సెయింట్ జేమ్స్ పండగకి లేపుతాం, ఇంబ్రో వాళ్ళు ఆగస్టులో సెయింట్ లారెన్స్ పండగకి. యూనియన్ పుట్టాక మేమిద్దరం రాజీపడి మధ్యలో ఓ రోజు పెట్టుకున్నాం. ఆమె ఇంకా చేరలేదు కాబట్టి రాజీ ఆమెకి వర్తించదు. మా పండగకి లేపాలి, దించాలి, వాళ్ళ పండగకి మళ్ళీ లేపాలి. గిలకే లేపకూడదని చట్టం ఉంది కాబట్టి, ఇవన్నీ గిలక లేకుండా ఉత్త గుంజతో చేసి చూపించాలి. చేసి చూపించింది మహాతల్లి! గుంజ ఎత్తడం, దించడం, ఎత్తడం. కింద పోలీసాయన జీపులోంచి చూసి, కొత్త రకం ప్రార్థనేమో అనుకుని టోపీ తీశాడట.

అన్ని అధ్యాయాలూ మూసేశాం. సంతకాల రోజు వచ్చింది. ఆమె ఉతికిన గౌను తొడుక్కుని వచ్చింది. అప్పుడు ఇంబ్రో చెయ్యెత్తాడు.

"ఆమె రేగుచెట్టు కొమ్మ మా దేశంలోకి వంగింది. పళ్ళు కాగితాలు లేకుండా సరిహద్దు దాటి పడుతున్నాయి."

"అవి ఏరుకుని తినేది నువ్వే కదరా!" అన్నాను.

"తింటాను. కానీ రాజ్యంగా ఒప్పుకోను" అన్నాడు.

ఆహా! నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది. చేరి ఎన్నాళ్ళయిందని! గుమ్మం బయట నిలబడ్డ రోజులు మరిచిపోయి లోపలివాడి భాష ఎంత తొందరగా పట్టుబడింది!

నేజిక ఇంటికెళ్ళి కొమ్మ నరికింది. మళ్ళీ వచ్చింది. ఈసారి నేను చెయ్యెత్తాను. కారణమా? అడక్కండి. ఇంబ్రో తన హక్కు వాడుకున్నాడు, నాది అలాగే పడి ఉంది. వాడని కత్తెర తుప్పు పట్టదూ? దేశానికొక పరువుంటుంది. కారణం తరవాత ఆలోచించి, మా కోడి ఆమె గుంజని చూసి బెదిరిందని రాయించాను.

ఈలోగా ఆకులు పండబారాయి. గోరింకలు మాత్రం ఏ అధ్యాయమూ తెరవకుండానే వచ్చేశాయి. రెండో కోత కూడా అలాగే పోయింది.

మరుసటి సమావేశంలో కొట్టు బయట గడగడమని చప్పుడైంది. నేజిక ఖాళీ పీపా ఒకటి దొర్లించుకుంటూ ఎత్తంతా ఎక్కి వచ్చింది. చెమట తుడుచుకోలేదు. పీపాని నిలబెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దింది. బొం...మ్! కొట్టంతా మోగింది.

"మోతలు కొలుస్తారు కదా. దీన్నీ కొలవండి" అంది.

ఇంబ్రో బల్ల మీద గీతలు చూస్తున్నాడు. సేవెరిన్ లేచి వెళ్ళి, తన ధర్మంగా, ఆ పీపానే ఇంకా గట్టిగా గుద్ది ఇంబ్రోకి అనువదించాడు.

"ఒక్క కోత మిగిలింది బాబాయ్" అంది వెళ్ళబోతూ. "తీగలు పీకేవాడితో మాట్లాడి ఉంచాను."

పీపా మోత మా చట్టం పరిధిలోకి రాదని తీర్మానం రాసుకున్నాం. గాలికి మోగేది కాదు కదా, గుద్దితే మోగేది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బహుశా జున్ను ఎక్కువ తిన్నానేమో.

ఆ తరవాతి వేసవిలో నేజిక మాకు చెప్పకుండా, అడక్కుండా, ప్తుయి పట్నం బజారుకెళ్ళి వలలు కొనుక్కొచ్చింది.

వల! ద్రాక్షతోట మీద వల! మీకు ఆ సిగ్గు అర్థం కాదు. మా కొండల్లో గిలక మగతనం లాంటిది. వల కప్పుకున్న తోట అంటే ముఖానికి కొంగు కప్పుకున్న తోట. ఇంబ్రో రాళ్ళ మీద నిలబడి కేకేశాడు:

"ఏం నేజికా, కొండమీద చేపలు పడుతున్నావా?"

"నీలాంటివి పడితే వదిలేస్తున్నాలే ఇంబ్రో మామా, ముళ్ళెక్కువ" అంది, తల ఎత్తకుండా కుడుతూ.

వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. ఎంత వెతికినా చట్టంలో వల మాట లేదు. వల మోగదు. మోగనిదాన్ని ఆపడానికి మాకు హక్కు లేదు. ఎంత దుర్మార్గమైన వస్తువో చూడండి, నోరు మూసుకుని పని చేస్తుంది!

ఫలితం? పల్లంలో వాలడానికి చోటు లేక రెండు దేశాల గోరింకలూ మా ఇద్దరి మీదికీ తిరిగాయి. గిలకలు మోగితే పారిపోవచ్చు కదా? అంత వెర్రివి కావు. అన్నేళ్ళుగా వింటున్న మోత. వాటి పిల్లలు ఆ టకటక లేకపోతే నిద్రపోవట. ఒక ముసలి గోరింక నా గిలక రెక్క మీదే కూర్చుని, తిరుగుతూ, పైకి వచ్చినప్పుడల్లా తోటంతా చూసుకుని ఏ వరస పండిందో మిగతావాటికి చెప్పేది. నా కళ్ళతో చూశాను.

ఆగస్టు చివర్లో ఒక పొద్దున, ఇంబ్రో మీద ఎలా నింద వెయ్యాలా అని నా గిలక కింద నిలబడి ఆలోచిస్తున్నాను. పల్లంలోంచి నేజిక వల చుట్ట భుజాన వేసుకుని ఎక్కి వస్తోంది.

"బాబాయ్, పల్లంలో గాలికి వల లేచిపోతోంది. పిట్టలు కింద నుంచి దూరుతున్నాయి. నా గుంజలు పొట్టివి. మీ గిలక గుంజ కావాలి."

"యూనియన్ గుంజా?"

"గుంజేనండీ. అటు చివర ఇంబ్రో మామ గుంజ మీదుగా తాడు వేశాను. ఇటు మీది."

"ఇంబ్రో ఒప్పుకున్నాడా?"

"అడగలేదు. పట్టుకోమన్నాను, పట్టుకున్నాడు."

అటు మిట్ట వైపు చూశాను. నిజమే! క్రొయేషియా రెండు చేతులా తాడు పట్టుకుని, బూట్లు మట్టిలో దిగేసి, ఎర్రగా కందిపోయి నిలబడి ఉంది.

"అమ్మాయ్, ఇలా కుదరదు. సమావేశం పిలవాలి. బల్ల ఇంబ్రో కొట్టులో ఉంది. సేవెరిన్ లేడు. ఇది పూర్తిగా..."

ఆమె వినడం లేదు. నిచ్చెన వేసింది. ఎక్కింది. తాడుని గిలక రెక్కల మధ్య నుంచి దూర్చింది. టకటకమంటున్న మా గిలక, మా తాత వంశపు గిలక, ఒకసారి కిర్రుమని ఆగిపోయింది. పైన తిరుగుతున్న ముసలి గోరింక దిమ్మతిరిగి నేలమీద పడి, లేచి, నన్ను తిట్టుకుంటూ పోయింది.

ఆమె కిందికి దిగి తాడు కొస నా చేతుల్లో పెట్టింది.

"రెండు చేతులా పట్టుకోండి. నేను కింద అంచులు బిగించి వచ్చేదాకా వదలకండి. వదిలారో, అంతా ఇంబ్రో మామ మీద పడుతుంది."

ఇక్కడ మీకు మా చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మా యూనియన్‌లో "కాదు" అనాలంటే చెయ్యెత్తాలి. చెయ్యెత్తడానికి నా దగ్గర చెయ్యి లేదు! ఎత్తితే తాడు జారుతుంది, జారితే మిత్రదేశం వలలో చిక్కుకుంటుంది. ఒక్క క్షణం అది కూడా బాగానే ఉంటుందనిపించింది, అబద్ధమెందుకు! కానీ గాలి గట్టిగా లాగుతోంది, నాకు తెలియకుండానే కాళ్ళు మట్టిలో దిగేశాను.

వల పల్లం మీదుగా పైకి లేచి, మెల్లగా పరుచుకుంది. దాని అంచు వచ్చి నా తోట మీద, అటు ఇంబ్రో తోట మీద కూడా పడింది.

"ఏయ్, ఇది నా వరసల మీద కూడా పడింది!" అని అరిచాను.

"గుంజ దాకా లాగితే గుంజ కింద ఉన్నవాటి మీద పడదా మరి?" అంది కింద నుంచి. "మీ కోసం కాదులెండి, కంగారు పడకండి."

సరిహద్దు రాళ్ళు కూడా దాని కిందికే పోయాయి. పోలీసాయన జీపు దిగి, రొప్పుకుంటూ ఎక్కి వచ్చి, "సరిహద్దు ఏదమ్మా?" అని అడిగాడు.

"వల కింద ఉంది. ఎత్తితే పిట్టలు దూరతాయి" అంది నేజిక.

ఆయన ఎత్తలేదు. నా తాడు పట్టు సడలుతోందని చెప్పి, వెనక నుంచి ఆయన కూడా పట్టుకున్నాడు. తాత్కాలికంగా.

ఆ ఏడాది కోత సంగతి చెప్పక తప్పదు, లేకపోతే మీరు ఊరుకోరు. నేజిక పీపాలు నిండాయి. తీగలు పీకేవాడు వచ్చి, చూసి, బుట్టలు మోయడానికి ఆగిపోయాడు. నా వరసలూ, ఇంబ్రో వరసలూ దక్కాయి. నవంబరులో, సెయింట్ మార్టిన్ పండగనాడు ఆమె కొట్టులో కొత్త వైన్ తాగాం. ఒక్కరు కూడా ఎవరు సభ్యులో, ఎవరు కాదో అడగలేదు. నేనే అడుగుదామనుకున్నాను, ఎవరూ వినే స్థితిలో లేరు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని యూనియన్ అంటారా? అభ్యర్థన లేదు. అధ్యాయాలు లేవు. ఐదు రెక్కల రాజీ లేదు. అనువాదం లేదు, సేవెరిన్ మూలన కూర్చుని గొంతు పాడైపోతోందని బాధపడుతున్నాడు. ఇద్దరు రాజులు రెండు కోతల కాలం చెయ్యలేనిది, ఒక ఆడమనిషి ఎవరి "సరే" కోసమూ చూడకుండా ఒక్క పొద్దున చేసేస్తే, మా "సరే" విలువ ఏం కాను? మేం ఆమెని చేర్చుకోలేదు సరికదా, మమ్మల్నే ఎప్పుడు ఎందులో చేర్చుకుందో మాకు తెలియనివ్వలేదు!

అందుకే బ్రస్సెల్స్ పెద్దలకి చేతులు జోడించి మనవి చేస్తున్నాను. అయ్యా, గుమ్మం బయట మీరు నిలబెట్టినవాళ్ళని బాగా గమనించండి. వాళ్ళలో ఎవరైనా నిలబడి నిలబడి విసుగెత్తి, టోపీ నెత్తిన పెట్టేసుకుని, తాడు పట్టుకుని మీ వైపు వస్తున్నట్టు కనిపిస్తే వెంటనే తలుపులు వేసుకోండి. "మీరు ఒప్పుకుంటారా?" అని అడగరు వాళ్ళు. "కాస్త ఇది పట్టుకోండి" అంటారు. అంతే, మీ పని అయిపోయినట్టే!

నేను ఊరికే లొంగిపోలేదని మాత్రం మీకు తెలియాలి. తాడు పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దున, చేతులు లేకపోయినా కనీసం నోటితో అయినా నా దేశం తరఫున అభ్యంతరం చెబుదామని ఊపిరి బిగించి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నేజిక బుట్టతో పైకి వచ్చింది.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా బాబాయ్" అంటూ, జున్ను పొరలు పెట్టి కాల్చిన వేడివేడి గిబానిత్స పెద్ద ముక్క నా నోట్లో కుక్కేసింది.

రెండు చేతులా తాడు, నోటినిండా గిబానిత్స! మీరే చెప్పండి, అలాంటప్పుడు ఒక సార్వభౌముడు "కాదు" అని దేంతో అంటాడండీ?